ఇన్షా అల్లా, పదో తారీఖు

నేను చేసిన మొదటి నౌకరీల తన్ఖా ఎప్పుడొస్తదని అడిగితే మా మాలిక్ సాబ్ జవాబు ఒక్కటే ఉండేది. "ఇన్షా అల్లా, పదో తారీఖు." ఏ నెల పదో తారీఖో మాత్రం చెప్పేటోడు కాదు.

2019 జూన్‌ల చేరిన. అంతకుముందు ఏడాదంతా అమీర్‌పేటల, మైత్రీవనం చుట్టూ తిరుగుడే. టెస్టింగ్ కోర్సు ఫీజు, రూం కిరాయి, ఇంటర్వ్యూలకు బస్సు చార్జీలు, అన్నీ ముస్తాబాద్‌ల మా అమ్మీ బీడీలు చేసి పంపిన పైసలే. మా దిక్కు సంగతి మీకు తెలిసిందే. సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ఏడికి పోయినా దాలాన్‌ల చాట ఒళ్లె పెట్టుకొని కూసున్న ఆడోళ్లు కనబడుతరు. బీటెక్‌ల గూడ ఫీజు రీయింబర్స్‌మెంట్ పోను మిగిలిందంతా ఆ చాటల నుంచే వచ్చింది. అబ్బా షార్జాల పదకొండేండ్లు పనిచేసి, నడుం పాడు చేసుకొని ఇంటికొచ్చిండు. కాబట్టి నాకు నౌకరీ వచ్చిందన్న రోజు అమ్మీ మొహల్లాల మిఠాయి పంచింది. తంబాకు వాసన లేని నౌకరీ అని ఆమె ఖుషీ.

ఆ నౌకరీ ఒక సిఫారిష్‌తోని దొరికింది. జుమ్మా నమాజ్ అయినంక మసీదు మెట్ల మీద ఒకాయన, "మనోడే, చిన్న కంపెనీ పెట్టిండు, పోయి కలువు" అన్నడు. ఒక అపార్ట్‌మెంట్‌ల రెండో అంతస్తు, ఇరవై రెండు మందిమి. ప్రైవేటు స్కూళ్ల కోసం ఫీజులు, హాజరు చూసుకునే యాప్ తయారు చేసేటోళ్లం. ఇంటర్వ్యూల ముందు సలాం చెప్పిండు, తర్వాత అమ్మీ అబ్బా గురించి అడిగిండు. అంతకుముందు ఒక కాడ నా పేరు చూసి, శుక్రవారం మధ్యాహ్నం ఎంతసేపు పోతవని అడిగినోళ్ల ముంగట కూసొని వచ్చిన నాకు ఇది జన్నత్ లెక్క కొట్టింది. సర్వర్ ఉన్న చిన్న గదిల జానమాజ్ పరిచి జొహర్ చదువుకునేటోళ్లం. మీటింగు బిస్మిల్లాతో మొదలయ్యేది. ఈ మంచిని దాస్తే నేను అబద్ధం చెప్పినట్టయితది. మేం అన్నేండ్లు, కాదు, అన్ని నెలలు అక్కడ నోరు మూసుకొని ఉన్నది గూడ దాని వల్లనే.

చేరిన రోజే ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకున్నరు. రెండేండ్ల బాండు, సేఫ్టీ కోసమన్నరు. అబ్బా ఫోన్ల విని కొంచెం సేపు మాట్లాడలే. "మా పాస్‌పోర్ట్లు గూడ కఫీల్ గిట్లనే పెట్టుకుంటుండె" అన్నడు. "అబ్బా, ఈయన మనోడే" అన్న నేను.

కంపెనీకి ఇద్దరు మాలికులు, ఈయనా, ఈయన బావమరిదీ. ఈయన బయట స్కూళ్లకు తిరిగి అమ్మేటోడు, బావమరిది లోపల పని చూసేటోడు. ఇద్దరు ఒకరితోని ఒకరు మాట్లాడుకునేటోళ్లు కాదని నాకు మూడో వారంల అర్థమైంది. మాలిక్ సాబ్ నిజామాబాద్‌ల ఒక స్కూలుకు పోయి, స్కూలు బస్సు ఏడ ఉన్నదో తల్లిదండ్రుల ఫోన్ల కనబడతదని మాటిచ్చి అడ్వాన్సు తీసుకున్నడు. మా యాప్‌ల అసొంటిది లేనే లేదు. కారులకెల్లి ఫోన్ చేసి, "సోమవారం కల్ల కావాలె, మా పిల్లలు చేస్తరు" అన్నడు. అదే రోజు బావమరిది, అన్నీ పక్కన పెట్టి ఫీజు రసీదుల లెక్క సరిచేయమన్నడు. ఒకాయన మాట వింటే ఇంకొకాయన తిడుతడు. ఆ వారం ఇద్దరితోని తిట్లు తిన్నం. బస్సూ కనబడలే, రసీదులూ సరికాలే.

నా పని టెస్టింగ్, అంటే యాప్ స్కూళ్లకు పోకముందే తప్పులు పట్టుడు. ఎప్పుడు టైము తక్కువైనా మొదలు తీసేసేది నా పనే. ఒక రాత్రి ఒక స్కూలు బాకీల మెసేజీలు ఇంకో స్కూలు తల్లిదండ్రులకు పోయినయి. ఎవరెంత బాకీనో ఊరందరికీ తెలిసిపోయింది. ఆ తప్పును నేను మూడు వారాల కిందటే షీట్ల రాసి పెట్టిన, ఆ షీటు ఎవ్వరూ తెరవలే. పొద్దున మీటింగుల "ఎవడు చేసిండు?" అని మొదలైంది. ఎందుకైందని అడిగినోడు లేడు. టెస్టర్‌ను కాబట్టి నాకు 500 కోత.

డిసెంబర్‌ల మా టీం లీడ్ అన్న తన్ఖా కాడ లొల్లి అయి వెళ్లిపోయిండు. సర్వర్ పాస్‌వర్డు ఆయనకొక్కనికే తెలుసు. నాలుగు రోజుల ముందు "ఫో" అన్న మనిషికే మాలిక్ సాబ్ ఫోన్ చేసి బతిమిలాడవలసి వచ్చింది. ఇంకోసారి సర్వర్ బిల్లు కట్టక యాప్ మొత్తం ఆగింది. స్కూళ్ల ఫోన్లన్నీ నాకే వచ్చినయి. మెయింటెనెన్స్ నడుస్తుందని చెప్పమన్నరు. పొద్దున్నుంచి అసర్ దాకా అదే ఝూట్ చెప్పి, లేచి వజూ చేసుకొని నమాజ్‌కు నిలబడ్డ. ఆ రోజు ఏం చదివిననో నాకు యాదిలేదు.

తన్ఖా 20,000. మొదటి మూడు నెలలు అయిదో తారీఖుకే వచ్చింది. తర్వాత పదో తారీఖన్నరు. తర్వాత ఇన్షా అల్లా మొదలైంది. గట్టిగ అడిగితే, "సబర్ కరో భాయ్, రిజ్క్ అల్లా చేతుల ఉన్నది" అనేటోడు. రిజ్క్ అల్లా చేతులనే ఉన్నది, నేను కాదన్నానా? రూం కిరాయి మాత్రం ఓనరు చేతుల ఉన్నది. వేరే కంపెనీల అయితే క్యాష్‌ఫ్లో బాగలేదంటరు. ఆ మాటకు ఎదురు అడగొచ్చు, ఎందుకు బాగలేదు, ఎప్పుడు బాగయితదని. సబర్ అన్నంక ఏమడుగుతం? ఇంకో మాట అడిగితే మన ఇమాన్‌లనే కమీ ఉన్నట్టు. ఇన్షా అల్లా అంటే మాటిచ్చి, దాన్ని నిలబెట్టే తౌఫీఖ్ అల్లాను అడుగుడని చిన్నప్పుడు హజ్రత్ చెప్పిండు. మా ఆఫీసుల దాని మానీ, ఇయ్యను పో అని. పోరగాండ్లం చాయ్ కాడ నవ్వుకునేటోళ్లం గూడ. గా నవ్వు యాదికొస్తే ఇప్పుడు తౌబా అనిపిస్తది.

2020 మార్చి 21న, జనతా కర్ఫ్యూకు ముందు రోజు, జూబ్లీ బస్‌స్టాండ్‌ల బస్సెక్కి, సిద్దిపేటల మారి ఇంటికొచ్చిన. రెండు రోజులకని ఒక జత బట్టలు, ఆఫీసు ల్యాప్‌టాప్ తెచ్చిన. లాక్‌డౌన్ పడ్డది. నా ఆఫీసు మా దాలాన్‌లకే వచ్చింది. సందూక్ మీద ల్యాప్‌టాప్, పక్కన అమ్మీ ఖాళీ చాట. బీడీల కార్ఖానా గూడ బందే, ఆమెకు పని లేదు. నా ఇయర్‌ఫోన్లు ఖరాబైనయి, కొందామంటే దుకాణాలు లేవు. స్పీకర్ పెట్టి మాట్లాడుతుంటే మా ఇంటోళ్లు మొదటిసారి నా నౌకరీని చెవులార విన్నరు.

మేం ఇంటికాడ పని చేస్తున్నమో లేదోనని ప్రతి పది నిమిషాలకు స్క్రీన్ ఫోటో తీసే సాఫ్ట్‌వేర్ ఒకటి ల్యాప్‌టాప్‌ల వేయించిన్రు. సర్వర్ బిల్లుకు లేని పైసలు దానికి ఏడికెల్లి వచ్చినయో. ఏప్రిల్ 25న మొదటి రోజా. రోజూ సాయంత్రం ఆరున్నరకు కాల్. ఇఫ్తార్ సైరన్ మోగితే మాలిక్ సాబ్ తనూ రోజాదారే కదా, "ఖజూర్ నోట్ల పెట్టుకోండి, కంటిన్యూ చేద్దాం" అనేటోడు. అమ్మీ షర్బత్ గ్లాసు పట్టుకొని నా పక్కన నిలబడి చూసేది. స్కూళ్లే మూతబడ్డయి, ఫీజుల యాప్‌కు పైసలెవరిస్తరు? ఆయన తక్లీఫ్ నాకు తెల్వక కాదు. మార్చి తన్ఖా సగమే పడ్డది, ఏప్రిల్‌ది అసలే పడలే. ఇంత ఉన్నది, ఇంత ఇస్త, ఫలానా నెల దాకా ఇయ్యలేనని ఒక్క మాట చెప్తే సగం మంది ఊకుంటుండె. అది చెప్పకుండ, ఆన్‌లైన్ క్లాసుల కొత్త యాప్ ఈద్ లోపల కావాలన్నడు.

ఒక రాత్రి ఇంట్లనే తరావీహ్ చదువుకొని కూసున్నం. అమ్మీ అడిగింది. "తుమారా మున్షీ హిసాబ్ కబ్ దేతా రే?"

మున్షీ కాదు, మాలిక్ అన్న. ఆమె నా మాట పట్టించుకోకుండ రేకు డబ్బా తీసింది. అండ్ల ఆమె లాగ్‌బుక్కులు, పీఎఫ్ చీటీలు, పెండ్లయిన కొత్తల నుంచి ఉన్నయి. ఇన్ని గ్రాముల తంబాకు, ఇంత ఆకు ఇచ్చిన్రు, ఇన్ని బీడీలు తిరిగొచ్చినయి, ఇంత కోసిన్రు. కార్ఖానావాలా ఫరిష్తా ఏం కాదు. బాగలేవని పిడికెళ్ల కొద్దీ బీడీలు తీసి పారేస్తడు. ఆకు తక్కువ తూకమిస్తే అమ్మీ బజార్ల కొనుక్కున్న రోజులెన్నో. కాని లెక్క రాయకుంటే ఆడోళ్లంత కలిసి పోయి కార్ఖానా ముంగట కూసుంటరు. ఆ పీఎఫ్ గూడ ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. బీడీ పరిశ్రమకు 1977ల పీఎఫ్ చట్టం వర్తింపజేస్తే, ఇంటికాడ చేసేటోళ్లు మా కార్మికులే కాదని కంపెనీలు సుప్రీంకోర్టు దాకా పోయినయి. 1985ల కోర్టు, ఇంట్ల కూసొని చేసినా కార్మికులే అన్నది. అమ్మీకి ఆ తీర్పు సంగతి తెల్వదు. చీటీ సంగతి తెలుసు.

"నీది చూపెట్టు" అన్నది.

నా దగ్గర లేదు. ఫోన్ల ఉంటదన్న. మా ఇంట్ల సిగ్నల్ సరిగ రాదు, డాబా మీదికి పోయి తెరిచిన. అప్పటిదాకా ఒక్కసారి గూడ తెరవలేదని చెప్పుకోవడానికి షరం అయితది. పేస్లిప్పుల జూన్ నుంచి ఫిబ్రవరి దాకా తొమ్మిది నెలలు 1,800 చొప్పున కోత ఉన్నది. పాస్‌బుక్కుల నాలుగు నెలలే జమ. అయిదు నెలల పైసలు నా తన్ఖాల నుంచి పోయినయి, ఏడికీ చేరలే.

ఇది మీ ఇంట్ల పిల్లల కోసం చెప్తున్న. మన బేసిక్ మీద 12 శాతం కోస్తరు, అంతే మొత్తం మాలిక్ కలపాలె, రెండూ వచ్చే నెల 15 లోపల కట్టాలె. మన నుంచి కోసి కట్టకుంటే అది లేటు ఫీజుతోని పోయే గల్తీ కాదు. 2024 దాకా అమలుల ఉన్న భారత శిక్షాస్మృతి 405 సెక్షన్‌కు 1973ల ఒక వివరణ కలిపిన్రు. కోసిన పీఎఫ్ మాలిక్ చేతుల ఉన్న అమానత్ అని, కట్టకుంటే నమ్మకద్రోహమని దాని మతలబు. ఉర్దూ కానూన్ భాషల ఆ జుర్మ్‌కు పేరు ఖయానతె ముజ్రిమానా. నేను ఇవన్నీ వెతికి అమ్మీకి చెప్తే, ఆమెకు ఒక్క మాటే వినబడ్డది. "అమానత్?" అని రెండుసార్లు అడిగింది.

తెల్లారి కాల్‌ల అడిగిన. సబర్ మాట ఎత్తక ముందే, తన్ఖా కాదు సాబ్, కోసిన పీఎఫ్ ఏదన్న. కాసేపు ఎవ్వరూ మాట్లాడలే. "రోజాతోని ఉండి అడిగే మాటనా ఇది?" అన్నడు. అప్పుడు ఇంకో పోరడు, సాబ్ నాది గూడ ఆరు నెలలది లేదన్నడు. తర్వాత ఒకామె. తర్వాత ఇంకో నలుగురు. ఆ రాత్రి నాకొక్కనికే ఫోన్ చేసిండు. కోపం చేయలే. "నిన్ను ఇంట్ల పిల్లగాని లెక్క చూసుకున్న" అన్నడు, గొంతు వణికింది. నాకే సిగ్గయింది. దొంగ ఎవడో తెలిసి గూడ ఎందుకు సిగ్గయిందో ఇప్పటికీ సమజ్ కాలే.

ఆగస్టుల రాజీనామా చేసిన. పీఎఫ్ వాళ్ల పోర్టల్‌ల శికాయత్ పెట్టిన. మూడు నెలల పైసలు డిసెంబర్ కల్ల పడ్డయి, రెండు నెలలవి రాలే. ఏప్రిల్ తన్ఖా సంగతి వదిలేసిన.

మిగిలింది సర్టిఫికెట్లు. నవంబర్‌ల అబ్బా, నేను హైదరాబాద్ పోయినం. ఆఫీసు ఖాళీ అయింది, కిరాయి కట్టక ఓనరు తాళమేసిండట. బావమరిది ఇంటికి రమ్మన్నరు. మాలిక్ సాబ్ అక్కడనే ఉన్నడు. బక్కగైండు, కారు అమ్ముకున్నడు. చాయ్ తెప్పిచ్చిండు. ఆయన వాలిద్ గూడ ఖలీజ్‌లనే పనిచేసిండని తెలిసి, ఇద్దరు చాలాసేపు షార్జా ముచ్చట్లు పెట్టుకున్నరు. కోపంతోని పోయిన నాకు ఏం చేయాల్నో తెల్వలే. లేచేటప్పుడు అబ్బా ఒక్క మాటన్నడు. "బేటా, మా కఫీల్ గూడ నమాజీనే."

ఆయన తల వంచుకొని లోపలికి పోయి ఒక అట్టడబ్బా తెచ్చిండు. పదకొండు మంది పిల్లల సర్టిఫికెట్లు అండ్ల ఒకదాని మీద ఒకటి పడి ఉన్నయి. నా టెన్త్ మెమో మీద చాయ్ మరక.

అమ్మీ దాన్ని తడి బట్టతోని తుడవబోతే ఆపిన, సంతకం పోతదని. అట్లనే మరకతోని రేకు డబ్బాల తన లాగ్‌బుక్కుల కింద పెట్టింది. నెలన్నర తర్వాత వేరే కంపెనీల చేరిన. మొదటి తన్ఖా ముప్పయ్యో తారీఖునే పడ్డది. దాని గురించి అమ్మీ ఏం అడగలే. తర్వాతి నెల ఇరవయ్యో తారీఖు పొద్దున ఫోన్ చేసి, "దేఖ్యా క్యా?" అన్నది. ఫోన్ చెవికాడనే పెట్టుకొని ఉండమని, పాస్‌బుక్కు తెరిచి అంకెలు చదివి వినిపిచ్చిన. నావి ఎన్ని, వాళ్లవి ఎన్ని అని విడివిడిగ అడిగింది.