చెలిమె

ఆదివారాలు అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో చదువుకుని, సాయంత్రం నయాపూల్ మీద నిలబడేవాళ్ళం మేం నలుగురం. కింద మూసీ. ముక్కు మూసుకోక తప్పదు. 1908 సెప్టెంబరు 28న నగరాన్ని ముంచిన నది ఇదేనంటే నమ్మబుద్ధి కాదు. ఆ వరద తర్వాతే ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు.

పీజీ సీటొచ్చిందని అమ్మ చూడ్డానికి వచ్చింది. (మాలో ఒకరి అమ్మ అందరికీ అమ్మే.) వంతెన మీంచి తొంగి చూసి, "గింత పెద్ద ఏట్ల ఒక్క చెలిమె గూడ లేదేందిరా?" అంది. మేం పగలబడి నవ్వాం.

రాత్రి నిద్ర పట్టలేదు. అమ్మ చిన్నప్పుడు ఊరబావిలో మావాళ్ళను చేద వేయనిచ్చేవారు కాదు. ఎవరో పైనుంచి పోస్తే దోసిలి పట్టాలి. వాగు ఇసుకలో చెలిమె తవ్వుకోవడానికి మాత్రం ఎవర్నీ అడగక్కర్లేదు. మొదట ఊరిన మురికినీళ్ళు తోడి పారబోస్తే, మెల్లగా తేటనీళ్ళు ఊరతాయి. మా ఇళ్ళల్లో డిగ్రీ చదివింది మేమే మొదలు. ఆ మాటకేనా నవ్వాం?

నోటుబుక్కులో 'చెలిమె' అని రాసి ఆగిపోయాం. తెల్లారి ఫోన్ చేసి, ఎంత లోతు తవ్వేవాళ్ళమ్మా అని అడిగాం.

"మోచెయ్యంత," అంది, "ఇసుక మంచిగుంటె."