ముఖ్యార్థం పొసగినప్పుడు

మాటవరసకు అన్నానని ఒకరు, అన్నదే విన్నానని ఇంకొకరు. ఇద్దరూ నిజమే చెబుతున్నప్పుడు తప్పు ఎవరి లెక్కలో వేయాలి? దీన్ని తేల్చే కొలత మన అలంకారశాస్త్రంలోనే ఉంది. ‘గంగలో పల్లె’ అన్న పాత ఉదాహరణ మమ్మటుడి కావ్యప్రకాశం చదివినవారికి తెలిసిందే. నీటి ప్రవాహం మీద పల్లె నిలవదు. అలా ముఖ్యార్థం, అంటే మాటకు నేరుగా ఉన్న అర్థం, పొసగక, దానికి దగ్గరి సంబంధమున్న ‘గట్టు’ అనే అర్థానికి మనసు మళ్లుతుంది. వాడుకలో స్థిరపడిన రూఢి ఉంటేనో, చల్లదనం, పవిత్రత వంటివి స్ఫురింపజేయాలన్న ప్రయోజనం ఉంటేనో ఇలా మళ్లడం చెల్లుతుంది. ఈ కొలతను కావ్యానికే పరిమితం చేయడం మన పొరపాటని నా అభిప్రాయం. ముఖ్యార్థం పొసగదని తెలియాల్సింది అన్నవాడికి కాదు, విన్నవాడికి. దాల్ సరస్సులో పడవ ఇళ్ల మధ్య పుట్టి పెరిగిన పిల్లవాడికి నీటి మీద పల్లె అంటే అసంభవమేమీ కాదు. వాడు మాటను ఉన్నదున్నట్టు తీసుకుంటే ఆ తప్పు వాడిది కాదు.

మన ఇళ్లలో ‘పోయి చావు’ అనే మాట ఎంత సులువుగా దొర్లుతుందో అందరికీ తెలుసు. మధ్యప్రదేశ్ నుంచి వచ్చిన ఒక కేసులో సరిగ్గా ఈ మాటే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. గొడవలో బావమరిది ఆ మాట అన్నాడు, రెండు రోజులకు బావ ప్రాణం తీసుకున్నాడు. కోపంలో వచ్చిన మాటకు ఆత్మహత్యకు పురికొల్పే ఉద్దేశాన్ని అంటగట్టలేమని 2002లో కోర్టు కేసు కొట్టేసింది. ఆ తీర్పు న్యాయమైనదే, ఉద్దేశం లేనివాణ్ణి జైల్లో పెట్టకూడదు. అయితే శిక్ష పడకపోవడం వేరు, బాధ్యత లేకపోవడం వేరు. మామూలు రోజున, మామూలు మనిషికి ఆ మాట విసుగుగానే వినిపిస్తుంది. బతుకు మీద ఆశ సన్నగిల్లిన మనిషి ముందు దాని ముఖ్యార్థం పొసుగుతుంది, భయంకరంగా పొసుగుతుంది. ఎదుటి మనిషి స్థితి కళ్లకు కనిపిస్తూ ఉండగా అన్నవాడు వాడుకమాట అని తప్పించుకోలేడు.

ఇలాగైతే నోరు విప్పేదెలా, ప్రతి మాటనూ తూచి పలకాలా అని అడగవచ్చు. అక్కర్లేదు, ఇదే కొలత విన్నవారికీ వర్తిస్తుంది. 2010 జనవరిలో ఇంగ్లండులో మంచు వల్ల ఒక విమానాశ్రయం మూతపడితే, ప్రయాణం చెడుతుందన్న చిరాకుతో ఒక యువకుడు దాన్ని పేల్చేస్తానని ట్విటర్‌లో రాశాడు. సొంత పేరుతో, అందరికీ కనిపించేలా, వారం పైచిలుకు గడువిచ్చి మరీ రాశాడు. నిజంగా పేల్చేవాడు అలా రాయడు. విమానాశ్రయం వారు కూడా అది నమ్మదగిన బెదిరింపు కాదనే నమోదు చేశారు. అయినా విషయం పోలీసులకు చేరింది, కింది కోర్టు అతనికి జరిమానా వేసింది. 2012లో హైకోర్టు ఆ శిక్ష రద్దు చేసేదాకా అతను పోరాడాల్సి వచ్చింది. అర్థమైన మాటను అర్థం కానట్టు పట్టుకున్న భారం పూర్తిగా విన్న వ్యవస్థదే.

వినేవారు కళ్లెదుట లేనప్పుడు మాత్రం అన్నవారి మీద బరువు పెరుగుతుంది. ఫోన్‌లో పంపే రెండు ముక్కల్లో గొంతూ ఉండదు, ముఖమూ ఉండదు. ముఖ్యార్థం పొసగదని తెలిపే గుర్తులు అక్కడ సగం పోతాయి. కాబట్టి ‘నా ఉద్దేశం అది కాదు’ అని వాదనకు దిగేముందు, ‘నీకెలా వినిపించింది?’ అని ఒక్కసారి అడగండి.