676లో ఇద్దరు: ఢాకా విముక్తి యుద్ధ మ్యూజియంలో మహిళల జాడ

1971 విముక్తి యుద్ధంలో పరాక్రమం చూపినందుకు బంగ్లాదేశ్ ప్రభుత్వం 1973లో 676 మందికి వీర పురస్కారాలు ప్రకటించింది. వారిలో మహిళలు ఇద్దరే. ఇద్దరికీ దక్కింది నాలుగు శ్రేణుల్లో చివరిదైన వీరప్రతీక్. తొమ్మిది నెలల పాటు ఊరూరా, ఇంటింటా సాగిన యుద్ధానికి ఈ లెక్క సరిపోదని ఢాకా ఆగార్‌గావ్‌లోని విముక్తి యుద్ధ మ్యూజియంలో ఒక్క పూట తిరిగినా అర్థమవుతుంది.

ఈ మ్యూజియం ప్రభుత్వం కట్టించి ఇచ్చినది కాదు. ఎనిమిది మంది ధర్మకర్తలు 1996 మార్చి 22న సెగున్‌బగిచాలోని ఒక పాత అద్దె ఇంట్లో దీన్ని తెరిచారు. 2017 ఏప్రిల్‌లో ఇప్పటి పెద్ద భవనంలోకి మారింది. జనం తమ ఇళ్లలో దాచుకున్న బట్టలు, ఉత్తరాలు, ఫోటోలు తెచ్చి ఇవ్వగా పోగైన సంపద ఇది. అందుకే ఇక్కడ సేనాపతుల కంటే మామూలు కుటుంబాలు ఎక్కువగా కనిపిస్తాయి. యుద్ధంలో ఆడవాళ్లను వెతకాలంటే ఇలాంటి చోటే వెతకాలి.

నాలుగు గ్యాలరీలు కాలక్రమంలో సాగుతాయి. మొదటిది బెంగాల్ గతం నుంచి 1970 ఎన్నికల దాకా నడుస్తుంది. రెండోది 1971 తొలి నెలలది. ఢాకా వీధుల్లో విద్యార్థినులు డమ్మీ రైఫిళ్లు భుజాన వేసుకుని వరుసగా కవాతు చేసిన ఫోటో మార్చి నెలది, రషీద్ తాలుక్దార్ తీసినది. యుద్ధం మీద వచ్చిన పుస్తకాల్లో ఆ ఫోటో తరచూ కనిపిస్తుంది. ఆ అమ్మాయిలు తర్వాత ఏమయ్యారో చెప్పే పుస్తకాలు తక్కువ. మార్చి 25 రాత్రి పాకిస్తాన్ సైన్యం ఢాకా మీద విరుచుకుపడ్డాక దాదాపు కోటి మంది సరిహద్దు దాటి భారతదేశానికి వచ్చారు. పోరాడాలని వచ్చిన యువతుల కోసం కోల్‌కతాలోని గోబ్రాలో ఒక శిబిరం నడిచింది. సయ్యదా సాజెదా చౌధురి దాన్ని నడిపించారు. రోగులకు సేవ చేయడంతో పాటు ఆయుధం పట్టడం కూడా అక్కడ నేర్పారు. కానీ నేర్చుకున్నవారిని యుద్ధరంగానికి పంపలేదు. చాలామంది ఆసుపత్రుల్లో గాయపడ్డవారి సేవకు వెళ్లారు.

అలాంటి ఆసుపత్రుల్లో పెద్దది త్రిపురలోని బిశ్రామ్‌గంజ్‌లో, వెదురు తడికెలతో కట్టిన బంగ్లాదేశ్ ఆసుపత్రి. 400కు పైగా పడకలు ఉండేవి. వీరప్రతీక్ అందుకున్న ఇద్దరిలో ఒకరైన డాక్టర్ సితారా బేగం దాని బాధ్యత చూశారు. ఆమె పాకిస్తాన్ సైన్యంలో వైద్యాధికారి. యుద్ధం మొదలయ్యాక ఉద్యోగం వదిలి సరిహద్దు దాటారు. శిక్షణ పొందిన నర్సులు చాలినంతమంది లేరు. కవయిత్రి సూఫియా కమాల్ కూతుళ్లు సుల్తానా, సయీదా లాంటి యువతులు వచ్చి, గాయాలకు కట్లు కట్టడం నుంచి ఒక్కొక్కటే అక్కడే నేర్చుకున్నారు. ఆ ఆసుపత్రి స్థాపకుల్లో ఒకరైన డాక్టర్ జఫ్రుల్లా చౌధురి 1972లో గణస్వాస్థ్య కేంద్రం ప్రారంభించి, పల్లెటూరి ఆడపిల్లలకు ప్రాథమిక వైద్యం నేర్పించారు. దానికి నమ్మకం ఇచ్చింది బిశ్రామ్‌గంజ్ అనుభవమే. యుద్ధ చరిత్రల్లో ఈ ఆసుపత్రికి దక్కే చోటు చిన్నది. దేశ ఆరోగ్య వ్యవస్థ మీద అది వేసిన ముద్ర మాత్రం చాలా పెద్దది.

రెండో వీరప్రతీక్ తారామన్ బీబీ కథ దగ్గర కాసేపు ఆగాలి. బ్రహ్మపుత్ర ఒడ్డున కురిగ్రామ్ జిల్లాలో పేదింటి పిల్ల. యుద్ధం నాటికి పదమూడు, పద్నాలుగేళ్లు. విముక్తి సేన అయిన ముక్తివాహిని 11వ సెక్టారు శిబిరంలో వంట చేయడానికి ముహిబ్ హవల్దార్ ఆమెను తీసుకెళ్లి, కూతురిలా చూసుకున్నాడు. వంట చేస్తూ, తుపాకులు తుడుస్తూ, వాటిని పేల్చడం కూడా నేర్చుకుంది. ఒక మధ్యాహ్నం యోధులంతా భోజనాలకు కూర్చున్నప్పుడు ఆమె చెట్టెక్కి కాపలా కాసింది. నదిలో పాకిస్తాన్ గన్‌బోటు రావడం చూసి అందరినీ హెచ్చరించింది. ఆ రోజు ఆమె కూడా కాల్పుల్లో పాల్గొంది. ఒంటికి బురద పూసుకుని, పిచ్చిదానిలా నటిస్తూ శత్రు శిబిరాల గుట్టు తెలుసుకుని వచ్చేది. 1973 గెజెట్‌లో ఆమె పేరు అచ్చయింది. ఆ సంగతి ఆమెకు మాత్రం ఎవరూ చెప్పలేదు. మైమన్‌సింగ్‌కు చెందిన పరిశోధకుడు విమల్ కాంతి దే 1995లో వెతికి పట్టుకునే సరికి ఆమె క్షయతో బాధపడుతూ పేదరికంలో బతుకుతోంది. అదే ఏడాది డిసెంబరులో పురస్కారం చేతికందింది. 2018 డిసెంబరు 1న కన్నుమూసింది. ఒక దేశం తాను గౌరవించిన మనిషిని వెతకడానికి ఇరవై రెండేళ్లు పట్టడం క్షమించదగ్గ విషయం కాదు.

సునామ్‌గంజ్‌కు చెందిన ఖాసీ మహిళ కాకన్ బీబీకి ఆ మాత్రమైనా దక్కలేదు. ముక్తివాహినికి వేగుగా పనిచేసి, పట్టుబడి చిత్రహింసలు అనుభవించి, విడుదలయ్యాక మళ్లీ అదే పనికి వెళ్లింది. 1996లో ఆమెకు వీరప్రతీక్ ఇస్తామన్నారు. గెజెట్‌లో మాత్రం చేర్చలేదు.

ఢాకా నగరంలో ఇళ్లే స్థావరాలయ్యాయి. ఎలిఫెంట్ రోడ్డులోని రచయిత్రి జహనారా ఇమామ్ ఇల్లు అలాంటిది. గెరిల్లా దళంలో చేరిన కొడుకు రూమీని ఆగస్టు చివర్లో సైన్యం పట్టుకుపోయింది. అతను తిరిగి రాలేదు. ఆమె డైరీ రూపంలో రాసిన ‘ఏకాత్తురేర్ దిన్‌గులి’ 1986లో వచ్చింది. గెరిల్లాలకు అన్నం పెట్టడం, ఆయుధాలు దాచడం, కబుర్లు చేరవేయడం కూడా యుద్ధమేనని చాలామంది చదువరులు ఆ పుస్తకంతోనే గ్రహించారు.

మ్యూజియంలో చూడటానికి అన్నిటికంటే కష్టమైనది నాయిబుద్దీన్ అహ్మద్ తీసిన ఫోటో. విరబోసుకున్న జుట్టుతో, బిగించిన పిడికిళ్లతో ముఖం పూర్తిగా కప్పుకున్న యువతి. యుద్ధంలో అత్యాచారానికి గురైన మహిళలు రెండు లక్షలని అధికారిక అంచనా. ప్రభుత్వం 1971 డిసెంబరులోనే వారికి ‘వీరాంగన’ అనే బిరుదు ఇచ్చింది. 1972లో పునరావాస బోర్డు పెట్టింది. ఉద్దేశం మంచిదే. ఇళ్లూ ఊళ్లూ మాత్రం ఆ బిరుదును నిందగా మార్చేశాయి. భర్తలు, తండ్రులు చాలామంది తలుపులు మూశారు. రచయిత్రి నీలిమా ఇబ్రహీం వారి కథనాలను 1990ల్లో పుస్తకంగా తెచ్చారు. శిల్పి ఫిర్దౌసి ప్రియభాషిణి తన పేరుతోనే, తన ముఖంతోనే బహిరంగంగా మాట్లాడారు. వీరాంగనలకు ముక్తియోధుల హోదా ఇవ్వడం 2015లో మొదలైంది. మొదటి జాబితాలో 41 మంది ఉన్నారు. తర్వాత ఆ సంఖ్య 400 దాటింది. హోదా, దానితో వచ్చే నెలసరి భృతి కావాలంటే దరఖాస్తు పెట్టాలి, విచారణకు నిలబడాలి. నలభై ఏళ్లుగా కోడళ్లకు, మనవలకు చెప్పకుండా దాచుకున్న మాటను అధికారుల ముందు చెప్పాలి. రెండు లక్షలకూ నాలుగు వందలకూ మధ్య ఉన్న దూరానికి ఇది ఒక ముఖ్య కారణం.

మ్యూజియం ఇంకో దారి పట్టింది. ప్రదర్శన బస్సు జిల్లాలు తిరుగుతుంది. బడిపిల్లలు తమ ఇంటి పెద్దల్ని, ఇరుగుపొరుగు వారిని 1971 గురించి అడిగి, విన్నది రాసి పంపుతారు. అలా వచ్చిన వేల కథనాలను మ్యూజియం భద్రపరుస్తోంది. గెజెట్‌కు ఎక్కాలంటే సాక్ష్యాలు, ధ్రువపత్రాలు కావాలి. మనవరాలు అడిగితే చెప్పడానికి నాయనమ్మకు అవేవీ అక్కర్లేదు.