చీపురు కనిపిస్తే చాలా?

మా పల్నాటి ఆడవాళ్ళకి ఉపవాసం గురించి ఒకళ్ళు చెప్పాలా! ఏకాదశి, కార్తీక సోమవారం, నాగులచవితి, శివరాత్రి... క్యాలెండరు తిరగేస్తే పస్తులకి కొదవ లేదు. మనం పస్తున్నా ఇంటిల్లిపాదికీ వండక తప్పదు, అది వేరే సంగతి లెండి.

ఒంట్లోని కణం పస్తుంటే ఏం చేస్తుందో మాత్రం బి.ఏ. చదివిన నాకెవరూ చెప్పలేదు. హైదరాబాదులో పరిశోధన చేస్తున్న మా అక్క కూతురు చెప్పింది.

"తిండి అందకపోతే కణం తన్ను తానే కొంచెం కొంచెం తింటుంది పిన్నీ!"

"అయ్యో, అదేం ఖర్మే!"

"ఖర్మ కాదు, పొదుపు. పాడైనవీ పాతబడినవీ మూటగట్టి, కరిగించి, మళ్ళీ వాడుకుంటుంది."

చిరిగిన చీరలతో బొంత కుట్టుకోవడం లాంటిదన్నమాట. 1963లో క్రిస్టియన్ డి డ్యూవ్ అనే శాస్త్రజ్ఞుడు దీనికి ఆటోఫజీ అని పేరు పెట్టాడు. జపానులో యోషినోరి ఓసుమి, బ్రెడ్డు పిండిని పొంగించే ఈస్టుని పస్తులుంచి, ఈ పనికి కావలసిన 15 జన్యువుల జాడ 1993లో బయటపెట్టాడు. 2016లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది.

మూటగట్టే ప్రోటీన్లని పనికి సిద్ధం చేసే ఎంజైముల్లో ఒకదాని పేరు ఏటీజీ7. అది లేకుండా ఎలుకపిల్లల్ని పుట్టిస్తే ఒక్కరోజులోపే చచ్చిపోయాయని 2005లో జపాను శాస్త్రజ్ఞులు రాశారు. బొడ్డుతాడు తెగాక పాలు అందేదాకా ప్రతి పసిగుడ్డుకీ ఓ పస్తు ఉంటుంది కదా! ఆ కాస్సేపు ఆసరా ఈ పొదుపేనట. వినగానే నా ప్రాణం ఉసూరుమంది.

కంటికానని ఆ ఎంజైముని చూడడమెలా? దాని ముక్కని కుందేలుకి ఎక్కిస్తే, కుందేలు ఒంట్లో దాన్ని గుర్తుపట్టి అంటుకునే యాంటీబాడీలు పుడతాయి. వాటికి ఫ్లోరెసీన్ లాంటి రంగు తగిలిస్తారు. సూక్ష్మదర్శిని కింద నీలికాంతి పడితే ఆ రంగు పచ్చగా మెరుస్తుంది. యాంటీబాడీకి ఇలా వెలుగు అంటించే ఉపాయం అమెరికాలో ఆల్బర్ట్ కూన్స్ బృందం 1941లోనే కనిపెట్టింది. కోటప్పకొండ తిరునాళ్ళలో, అంత జనంలో మన ఊరివాళ్ళని ఎలా పోల్చుకుంటాం? దీపాలతో వెలిగే మన ఊరి ప్రభని బట్టే కదా! ఇదీ అంతే.

"అయితే వెలిగిన చోటల్లా ఎంజైము ఉన్నట్టేనా?" అన్నాను.

"అంత సులువుగా నమ్మం పిన్నీ. యాంటీబాడీ పొరబడి ఇంకోదానికి అంటుకోవచ్చు. అందుకని ఏటీజీ7 అసలు లేని కణాల మీద కూడా వేసి చూస్తాం. అక్కడ చీకటిగా ఉండాలి. అక్కడా వెలిగిందా, దాని సాక్ష్యం చెల్లదు."

ఇంకో మెలిక కూడా చెప్పింది. వెలిగితే ఎంజైము ఉందనే అర్థం, పని జరుగుతోందని కాదు. మూలన చీపురు కనిపించినంత మాత్రాన ఇల్లు ఊడ్చినట్టా? చెత్త తగ్గిందో లేదో చూడాలి. చెత్తతోపాటు తానూ కరిగిపోయే పి62 అనే ప్రోటీను తగ్గుతోందా అని విడిగా పరీక్ష చేస్తారట.

ఒక్క ఎంజైము ఉందని చెప్పడానికి వాళ్ళకిన్ని జాగ్రత్తలు! మనకో? ఫోనులో ఎవరో పంపుతారు: "రెండురోజులు పస్తుంటే ఒంట్లో రోగాలన్నీ పోతాయి, దీనికే నోబెల్ ఇచ్చారు" అని. నోబెల్ ఇచ్చింది కణం పని ఎలా చేస్తుందో తేల్చినందుకు. పస్తుంటే ఫలానా జబ్బు పోతుందని ఓసుమి చీటీ రాసివ్వలేదు. మా ఎదురింటి మామ్మగారు అది నమ్మి, పొద్దున షుగరు మాత్ర వేసుకుని, మంచినీళ్ళతో గడిపి, సాయంత్రానికి తులసికోట దగ్గర కళ్ళు తిరిగి పడిపోయారు. పంచదార నీళ్ళు తాగిస్తేగాని తేరుకోలేదు.

మర్నాడు మామ్మగారు మా అమ్మాయిని పిలిచి, "అయితే ఏకాదశికి ఉండొద్దంటావా తల్లీ?" అని దిగులుగా అడిగారు.

"దేవుడికోసం ఉంటానంటే నేనెవర్ని మామ్మగారూ! కాని ముందు డాక్టరుగారిని అడగండి, ఆ రోజు మాత్ర సంగతేమిటని. ఫోనుని మాత్రం అడక్కండి."