పెరటిలో గుఱి

ఆడుపిల్ల చేతికి సూది యిచ్చినను, గరిటె యిచ్చినను ఎవరును కారణ మడుగరు. మేము మా యమ్మాయి చేతికి గాలితుపాకి యిచ్చితిమని తెలిసిన నాడు మాత్రము, ఏడాదికొకసారి పలుకరించు పొరుగువారు గూడ గోడమీదుగా తొంగిచూచి కుశల మడిగిరి. వారి భయము నిరాధారమని మే మనజాలము. అందులో సగము సత్యమని మాకు తొలివారమునందే తెలిసివచ్చినది.

2024వ సంవత్సరమున ప్యారిస్ ఒలింపిక్ క్రీడలయందు మను భాకర్ పిస్తోలు పోటీలలో రెండు కాంస్యపతకములు గెలుచుట చూచిననాటి నుండి మా పిల్లకు ఈ విద్యపై మనసు పోయెను. హైదరాబాదునందు పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండనునందు 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో కాంస్యము గెలిచెనని, 2023లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో హైదరాబాదు యువతి ఈషా సింగ్ నాలుగు పతకములు సంపాదించెనని మాకు పాఠము చెప్పసాగెను. ఈ రైఫిల్ పోటీలో 2017 వఱకు పురుషులకు 60 గుండ్లు, స్త్రీలకు 40 మాత్రమే. 2018 నుండి ఇరువురకును 60. ఆ మాట విని మా యత్తగారు, "ఇన్నాళ్లకైనను బుద్ధి వచ్చినది" అనిరి. ఆమె సమ్మతి దొరకినదని మేము సంతోషించితిమి.

శిక్షణాలయము మా యూరికి దూరము. వారమునకు రెండు దినములే పోవ వీలగును. తక్కిన దినములకు పెరడే శరణ్యము. మా పెరడు 40 అడుగుల పొడవు. 10 మీటర్లన నించుమించు 33 అడుగులు. ప్రహరీగోడకు చెక్కపలక నానించి, దానిపై గుఱికాగితము నంటించి, ఇక చాలునని తలచితిమి. మూడవనాటి సాయంకాలమున ఒక గుండు పలకలోని ముడికి దగిలి వెనుకకు ఎగిరి, ప్రక్కన తులసికోటకడ దీపము పెట్టుచున్న మా యత్తగారి కళ్లజోటిని తాకెను. అద్దము బీటవారెను, కన్ను దక్కెను.

ఆమె కేకలు వేయలేదు. కళ్లజోడు తీసి మా చేతిలో పెట్టి, "అమ్మాయీ, ఆటకొఱకు ఇంటిలో ఒక కన్ను పోవలెనా?" అని మాత్ర మడిగిరి. మాయొద్ద సమాధానము లేకపోయెను. ఆ రాత్రియే తుపాకిని బీరువాలో పెట్టి తాళము వేసితిమి. పిల్ల యేడ్చి మొఱ పెట్టుకొనినను బాగుండెడిది. అది మాటాడక చదువుకొనుచు కూరుచుండెను. అది చూచుట మాకు కష్టమయ్యెను.

ఆలోచింపగా, తప్పు పిల్లది గాదు, తుపాకిది గాదు. గుండు ఎచ్చట ఆగవలెనో విచారింపని పెద్దలది యని తోచెను. అంతట మా వారు పాత మామిడిచెక్క పెట్టె నొకదానిని దింపిరి. దాని వెనుకభాగమున మందపు ఇనుపరేకును పైయంచు మనవైపునకు వంగునట్లు వాలుగా బిగించితిమి. దానికి తగిలిన గుండు క్రిందికే జారును. అడుగున ఇసుక పోసి, రేకునకు ముందు పాత గుడ్డపీలికలను గట్టిగా కూరితిమి. పెట్టె వెనుక దండెమునకు ఒక పాత బొంతను వదులుగా వ్రేలాడదీసితిమి. గుఱి తప్పిన గుండు ఆ మడతలలో శక్తి నుడిగి పడును. మా యత్తగారు క్రొత్త కళ్లజోడు పెట్టుకొని వచ్చి, పెట్టెను తట్టి చూచి, రెండు షరతులు పెట్టిరి: పెరటిలో నున్న ప్రతివారును కంటికి రక్షణగా అద్దములు ధరింపవలెను, తాము వెనుకకు వచ్చి "ఊఁ" అనువఱకు తుపాకిలో గుండు పెట్టరాదు. ఆ అధికారము నేటికిని ఆమెదే.

తరువాతి చిక్కు వేఱు. గుండ్లు కాగితమంతయు చెదరుచుండెను. పోటీకాగితముపై పది అంకెల గుఱి అరమిల్లీమీటరు చుక్క, ఆవగింజకంటెను చిన్నది. తప్పు తుపాకిలో నున్నదో, చేతిలో నున్నదో యెట్లు తెలియును? పోటీలో నిలువబడియే కాల్చవలెను, ఆసరా కూడదు. అయినను దోషము నెఱుగుటకు, తుపాకిని కదలకుండ నిలుపు ఆసరా యొకటి కావలెను. అంగడిలో దాని వెల మాకు మించినది.

మా కుట్టుమిషను ఇనుపకాళ్ల బల్ల ఇంటిలో కదలని వస్తువు. దానిని పెరటిలోనికి తెచ్చి, పెట్టెను గూడ ఆ యెత్తునకు దించితిమి. పిదప పాత పంట్లాము కాలును కత్తిరించి సంచి చేసితిమి. మొదట బియ్యము పోసితిమి. రెండవనాటికే చీమలు పట్టెను. అందుచే గోదావరి యిసుకను జల్లించి, కడిగి, రెండుదినములు ఎండబెట్టి నింపితిమి. ఒంటిగుడ్డనుండి సన్నయిసుక కారును గనుక, లోపల పాతచీరె గుడ్డతో మఱియొక సంచి కుట్టవలెను. ముప్పాతికకు మించి నింపరాదు. నిండుసంచిపై తుపాకి దొర్లును, కొంచెము వెలితియైనచో నొక్కిన పల్లములో కుదురుకొనును. వెనుకభాగమునకు చిన్నసంచి మా యత్తగారు కుట్టిరి. ఆమె కుట్టు మాకంటె దట్టము.

ఇంత చేసినను గుండ్లు చెదరుట మానలేదు. మాది స్ప్రింగుతో పనిచేయు తుపాకి. గుండు బయటపడునంతలోనే లోని స్ప్రింగు కదలికచే అది వెనుకకును ముందుకును అదరును. దానిని గట్టిగా బిగించి పట్టినను, గట్టి ఆసరాపై నేరుగా పెట్టినను ఆ యదరు ప్రతిసారి ఒకవిధముగా నుండదు. అందుచే పిల్ల ఎడమయరచేతిని సంచిపై తెఱచియుంచి, దానిపై తుపాకిని ఊరక నిలిపి, పట్టు సడలించి కాల్చెను. ఐదు గుండ్లును ఒక రూపాయిబిళ్లక్రింద దాగునంత దగ్గఱగా పడెను! తుపాకి మంచిదేయని, దిద్దుకొనవలసినవి చేయియు ఊపిరియు నని ఆనాడు తెలిసెను.

సోదరీమణులు మఱువరాని సంగతు లింకను కొన్ని గలవు. గుండ్లు సీసముతో చేసినవి; సీసము పిల్లలకును, గర్భవతులకును మిక్కిలి హాని. తాకిన చేతులను సబ్బుతో కడుగక వంటింట కాలు పెట్టరాదు. పెట్టెలోని యిసుకను పొడిగా ఊడ్వక, తడిపి తీయవలెను. తుపాకి ఒకచోట, గుండ్లు వేఱొకచోట తాళములో నుండవలెను. పిచ్చుకపైకి గాని, ఉడుతపైకి గాని గుఱి పెట్టిననాడు ఆ తుపాకి తిరిగి చేతికి రాదని మా పిల్లకు ముందే చెప్పితిమి.

ఇప్పుడు ఆసరా తీసివేసితిమి. పెట్టెను మరల నిలువెత్తునకు ఎక్కించితిమి. నిలువబడి కాల్చునప్పుడు గుండ్లు తిరిగి చెదరుచునే యున్నవి. కాని పిల్ల తుపాకిని నిందింపదు. ప్రతి సాయంకాలము కాగితమును తెచ్చి నాయనమ్మకు చూపును. ఆమె దానిని వెలుతురున పట్టి చూచి, "నిన్నటికంటె ఒక వ్రేలు లోపలికి వచ్చినది" అనును. ఇసుకసంచులు రెండును కుట్టుమిషను క్రింద నున్నవి. సందేహము గలిగిననాడు మరల తీసికొందుము.