పాత సందుగలోని తుపాకి గొట్టములు

పాత నగ యెక్కడ చేయబడినదో తెలిసికొనగోరు స్త్రీలు పెక్కుమంది కలరు గాని, పాత తుపాకి ముక్కల పుట్టుపూర్వోత్తరములను విచారించువారు అరుదు. అది పురుషుల వ్యవహారమని త్రోసిపుచ్చుదుము. అయినను ఇంటి సందుగలు, వాని తాళపుచెవులు మన యధీనమందే యున్నవి గదా!

జల్‌పల్లిలోని మా యింట మామగారి తండ్రిగారి కాలపు సందుగ యొకటి గలదు. వారి దోనాలీ తుపాకి యెన్నడో ప్రభుత్వమునకు ఒప్పగింపబడినది. మిగిలినవి ఒక జత గొట్టములు, రెండు ఘోడాలు, గుప్పెడు మరమేకులు. “ఇవి లండనులో చేసినవి, నవాబుగారి కానుక” యని మా యత్తగారు చెప్పుచుందురు. పాత యినుము కొనువాడు తూకమునకు అడిగెను. బంధువొకరు లక్షలు పలుకుననిరి. నిజము తేల్చుకొనదలచి, గొట్టములను నూనెగుడ్డతో తుడిచి భూతద్దముతో పరిశీలించితిమి.

గొట్టముల నిండ జడ యల్లినట్లు సన్నని అలలు కానవచ్చినవి. ఇనుపపట్టీలను, ఉక్కుపట్టీలను కలిపి మెలిపెట్టి, కడ్డీకి చుట్టి, కాచి అతికిన గొట్టములకు ఇట్టి చారలు కలుగును. వీనిని డమాస్కసు గొట్టములందురు. నడిమి పట్టీపై కలకత్తా వర్తకుని పేరున్నది. కాని అమ్మినవాని పేరు చేసినవాని పేరు కానక్కఱలేదు. అసలు సాక్ష్యము అడుగుభాగమందలి ముద్రలలో నున్నది. కిరీటము క్రింద అడ్డముగా రెండు రాజదండములు, బి.పి.సి. యను అక్షరములు గలవు. ఇది బర్మింగుహాము పరీక్షాశాల ముద్ర. 1813లో పార్లమెంటు శాసనముచే స్థాపింపబడిన ఆ శాలలో, మామూలుకంటె హెచ్చు మందు దట్టించి కాల్చి, తట్టుకొనిన గొట్టములకే ముద్ర వేయుచుండిరి. ప్రక్కనున్న 12 అను అంకె అంగుళముల కొలత కాదు. ఒక పౌను సీసమును 12 సమానమైన గుండ్లుగా చేసినచో, అట్టి గుండు పట్టునంత వెడల్పని భావము. “నాట్ ఫర్ బాల్” అను మాట 1875 మొదలు 1887 వఱకు వేయబడినది గావున కాలమును తెలిసినది. పొగలేని మందునకు పరీక్షించిన గుర్తు మాత్రము లేదు. నేటి తోటాలను ఇందు కాల్చిన గొట్టము పగిలి చేయి పోవచ్చును.

లండను మాట నిలువలేదు. ఇది అత్తగారితో చెప్పుటెట్లని సంకోచించితిమి. అంతకంటె పెద్ద చిక్కు మఱొకటి గలదు. 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము తుపాకి భాగములును తుపాకిగనే యెంచబడును. ఇతర భాగములతో కూర్చు నుద్దేశము లేని చిన్న ముక్కలకు మినహాయింపు కలదు గాని, గొట్టములను చిన్న ముక్కలనుకొనుట క్షేమమని మాకు తోచలేదు.

సంగతి విని అత్తగారు కొంతసేపు గొట్టములను నిమిరి, “ఊరేదైన నేమమ్మా! ఇచ్చినవారి ప్రేమ అబద్ధము కాదుగదా. పిల్లలు తిరుగు ఇల్లు. ఇచ్చివేయుడు” అనిరి. ముద్రలన్నియు కాగితముపై వ్రాసికొని, ముక్కలనన్నిటిని పోలీసుస్టేషనులో ఒప్పగించి రసీదు పొందితిమి.

సోదరీమణులారా! మీ యింట నిట్టివి యున్నచో పాతయినుములో అమ్మకుడు, చెఱువులో పాఱవేయకుడు. ముద్రలు వ్రాసికొని, పోలీసువారికో లైసెన్సుగల ఆయుధవర్తకునికో అప్పగించి రసీదు దాచుకొనుడు. వంశకథ నిలుచుటకు ఆ కాగితములే చాలును.