పసుపు గీత

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ రేసు జరిగింది. కరెంటు కార్లు, రోడ్డుకు రెండు పక్కలా సిమెంటు దిమ్మెలు, జాలీలు. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ రోజు నేను డ్యూటీలో ఉన్నాను. ట్రాఫిక్‌లో ఇరుక్కున్న ఆటోవాలాల గుస్సా, టికెట్ల ధరలు చూసి వచ్చి రాత్రి డెస్కులో కూర్చుని ఒక ముక్క రాశాను. ‘రేసింగ్ అంటే పైసలున్నోళ్ల తమాషా’ అనే అర్థం వచ్చేలా రాశాను. పదిమంది దోస్తులు బాగుందన్నారు. నాకూ బాగుందనే అనిపించింది.

తెల్లారి దుబాయ్ నుంచి మా ఛోటే ఫోన్ చేశాడు. సలాం చెప్పి, అమ్మీ తబియత్ అడిగి, కాసేపు ఆగాడు.

“భాయ్, తుమే గాడీ ఖరీదే సో లోగాఁకె బారే మే లిఖే. గాడీ బనాయె సో లోగ్ కాఁ గయే?”

కారు కొన్నోళ్ల గురించి రాశావు, కారు తయారు చేసినోళ్లు ఏమయ్యారు అని. నా దగ్గర జవాబు లేదు. వాడు చేసే పని ఏమిటో నాకు సరిగా తెలియదని ఆ నిమిషంలోనే అర్థమైంది. పదకొండేళ్లుగా వాడు దుబాయ్‌లో ‘కార్ల పని’ చేస్తున్నాడు. ఊళ్లో ఎవరడిగినా మేం చెప్పే మాట అదే. మోర్తాడ్‌లో గల్ఫ్‌కు పోని ఇల్లు వెతకాలి. ఎవరు ఏం పని చేస్తున్నారని ఎవరూ లోతుగా అడగరు. పైసలు వస్తున్నాయా, చుట్టీ ఎప్పుడు, అంతే.

మా అబ్బా లారీ డ్రైవర్. సీజన్‌లో చెరుకు వేసుకుని ముత్యంపేట ఫ్యాక్టరీకి పోయేవాడు, అప్పుడప్పుడు బోధన్ శక్కర్‌నగర్ దాకా. 1937లో పుట్టిన నిజాం షుగర్స్ అది. 2015 చివర్లో మూతపడింది. అబ్బాకు చదువు రాదు గానీ బండి గురించి ఒక మాట చెప్పేవాడు: కంపెనీ మనకు చాసీ ఇస్తుంది, లారీ చేసేది మనమే. నిజంగానే అప్పట్లో ఇంజనూ, చక్రాలూ, మొండి చాసీ వచ్చేవి. క్యాబిన్, బాడీ, చెక్క పలకలు, రంగులు అన్నీ ఇక్కడి మిస్త్రీలు కట్టేవాళ్లు. నేను ఉర్దూ మీడియం బడికి, తర్వాత తెలుగు డిగ్రీకి పోయాను. ఛోటే ఎనిమిదో తరగతి దాటకముందే ఆర్మూర్–మెట్‌పల్లి రోడ్డు మీద ఒక రేకుల షెడ్డులో ఉస్తాద్ దగ్గర చేరాడు. ఇంట్లో మాస్టర్ సాబ్ నేను, గ్రీజు బట్టలు వాడివి. ఈ తేడాను నేను ఎన్నడూ పెద్దగా తలచుకోలేదు. వాడు తలచుకున్నాడేమో తెలియదు.

ఆ ఏడాది డిసెంబర్‌లో వాడి దగ్గరికి పోయాను. వాడి గరాజ్ యజమాని ఇజాజత్ ఇస్తే ఒక రోజంతా మూలన కుర్చీ వేసుకుని చూశాను. మధ్యలో ఒక పోర్షే 911 జీటీ3 కప్ కారు నిలబడి ఉంది. ఏదో ట్రాక్‌లో గోడకు కొట్టుకుని వచ్చింది. డోర్లు, బానెట్, వెనక రెక్క అన్నీ విప్పేశారు. ఎముకల గూడులా ఉంది. కారును అలా చూడటం నాకు అదే మొదటిసారి.

“ఇది రేసు కోసం వేరేగా పుట్టిన బండి కాదు భాయ్” అన్నాడు ఛోటే. జర్మనీలో స్టుట్‌గార్ట్‌లోని సుఫెన్‌హౌసెన్ ఫ్యాక్టరీలో సేట్‌లు రోడ్డు మీద నడుపుకునే 911 ఏ లైన్ మీద తయారవుతుందో, ఇదీ ఆ లైన్ మీదే తయారవుతుందట. ఇనుము, అల్యూమినియం గూడు అదే. ఆ తర్వాత దారి మారుతుంది. మెత్తటి సీట్లు, కార్పెట్లు, పాటల డబ్బా, శబ్దం రాకుండా వేసే పొరలు ఏవీ ఉండవు. అద్దాల చోట పాలీకార్బొనేట్. డోర్లు, వెనక మూత, రెక్క కార్బన్ ఫైబర్. లోపల నిలువునా అడ్డంగా ఉక్కు గొట్టాల పంజరం వెల్డింగ్ చేస్తారు. బండి పల్టీ కొట్టినా మనిషి ఆ పంజరంలో మిగలాలి. మామూలు పెట్రోల్ ట్యాంకు బదులు చిరగని రబ్బరు సంచి లాంటి ట్యాంకు, 110 లీటర్లది. పైకప్పులో ఒక మూత ఉంది. దాన్ని పీకితే దెబ్బ తగిలిన డ్రైవర్‌ను పై నుంచి బయటకు తీయొచ్చు.

“ఇంజన్ తాకత్ ఎంత పెంచుతారు?” అని అడిగాను. వాడు నవ్వాడు. రోడ్డు మీది జీటీ3కి 510 హార్స్‌పవర్, ఈ కప్ కారుకీ 510. తేడా బరువులో ఉంది. రోడ్డు కారు 1,418 కిలోలు, ఇది 1,260. జీటీ3 అనే పెద్ద రేసుల తరగతిలో ఇంకో వింత ఉందట. అక్కడ రకరకాల కంపెనీల కార్లు ఒకే ట్రాక్ మీద పరుగెత్తాలి కాబట్టి, ముందుకు పోయే బండికి బరువు కలుపుతారు, ఇంజన్‌కు గాలి తగ్గిస్తారు. తరాజు సమంగా ఉండాలని. ఆడి ఆర్8 రోడ్డు మీద నాలుగు చక్రాలతో లాగుతుంది, అదే బండి జీటీ3 రేసులో వెనక రెండు చక్రాలతోనే లాగాలి.

“మరి కష్టమంతా ఎక్కడ?”

“గిరాకీలో.”

వాడు చెప్పింది నా మాటల్లో రాస్తున్నాను. ఫ్యాక్టరీ టీములో డ్రైవర్ పేరున్నవాడు, చుట్టూ ఇంజనీర్లు. అదే బండిని కంపెనీ అమ్మకానికి పెడితే కొనేది ఒక దుకాణందారు కావొచ్చు, యాభై ఏళ్ల డాక్టర్ కావొచ్చు. ఈ కప్ కారును 2021లో మార్కెట్లోకి తెచ్చినప్పుడు ధర 2,25,000 యూరోలు, పన్నులు వేరే. అంత పెట్టి కొన్న గిరాకీ మొదటి మలుపులోనే భయపడి ఇంకోసారి రాకపోతే ధందా లేదు. కాబట్టి బండి అతని తప్పును కొంత సహించాలి. గోడకు కొట్టుకుంటే ముక్క మార్చి మళ్లీ నడపగలగాలి. ఇంజన్‌ను 100 గంటలు ట్రాక్ మీద నడిచాక చెక్ చేయిస్తే చాలు. కింద గాలి జాక్‌లు బిగించే ఉంటాయి. పైపు తగిలిస్తే బండి లేచి నిలబడుతుంది, నాలుగు టైర్లు క్షణాల్లో మారతాయి. ఇవన్నీ కంపెనీ వాళ్లు కాగితం మీద గీసేటప్పుడే ఆలోచిస్తారు: రాత్రి రెండింటికి, నిద్ర లేని కళ్లతో, ఎక్కడో ఒక మెకానిక్ ఈ నట్టు విప్పాలి కదా అని.

ఆ మాట దగ్గర నేను నోట్‌బుక్ మూసేశాను. ఆ మెకానిక్ నా తమ్ముడు.

మన దేశంలో ఈ ఆలోచన కొత్తది కాదు. కోయంబత్తూరు తెలుసు కదా, తెలుగు నాయుళ్ల మిల్లులు, వర్క్‌షాపుల ఊరు. అక్కడి ఎస్. కరివర్ధన్ 1980ల చివర్లో మారుతి 800 ఇంజన్ తీసుకుని ఒంటి సీటు రేసుకారు కట్టాడు. ఫార్ములా మారుతి అన్నారు దాన్ని. 796 సీసీ, స్కూలు పిల్లల్ని దించే బండిలోని ఇంజనే. విదేశీ కారు కొనలేని కుర్రాళ్లు దాంతో రేసు నేర్చుకున్నారు. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. ఆయన పేరుతో 2003లో కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వే వచ్చింది. ఛోటేకు ఆ పేరు తెలుసు. ముప్పై ఏళ్లుగా వార్తలు చదువుతున్న నాకు తెలియదు.

ఇప్పుడు అసలు చెప్పాల్సింది చెబుతాను. 2022 జనవరిలో అబ్బా పోయాడు. ఆ రాత్రి దుబాయ్ ఆటోడ్రోమ్‌లో 24 గంటల రేసు నడుస్తోంది. 2006 నుంచి జనవరిలో జరిగే రేసు అది. కొనుక్కున్న కార్లు, సొంత పైసలతో నడిపే డ్రైవర్లు, ఒక పగలు ఒక రాత్రి. ఛోటే పిట్‌లో ఉన్నాడు. ఫోన్ సంచిలో ఉంది. నేను పదిహేడు సార్లు చేశాను. ఎత్తలేదు. జొహర్ దాకా ఆగుదామా అని పెద్దలు అడిగారు. ఆగినా ఏ విమానం ఎక్కి ఎప్పటికి చేరతాడు? దఫన్ చేసేశాం.

చాన్నాళ్లు నా మనసులో ఒక షికాయత్ ఉండేది. బాప్ పోతుంటే సేట్‌ల ఆటబొమ్మలకు టైర్లు మారుస్తున్నాడు అని. బహుశా ఆ రేసు ముక్కలోని గుస్సా అక్కడిదే. ఆటోవాలాల పేరుతో నా కోపం రాసుకున్నాను.

ఆ డిసెంబర్ రోజు సాయంత్రం, టీ తాగుతూ, వాడే ఎత్తాడు ఆ మాట. ఆ రాత్రి మూడింటికి ముందు బ్రేకులు మార్చే పని వాడిది. డిస్కులు నిప్పుల్లా కాలిపోతుంటాయి. బోల్టును టార్క్ రెంచితో బిగించి, బిగించినట్టు గుర్తుగా దాని మీద పసుపు రంగు పెన్నుతో ఒక గీత గీస్తారు. బోల్టు మీదా, పక్కన లోహం మీదా కలిసేలా. తర్వాత ఎవరు చూసినా గీత విరిగితే బోల్టు కదిలిందని తెలుస్తుంది. “ఉస్ కీ జాన్ మేరే హాత్ మే థీ భాయ్” అన్నాడు. వాడి ప్రాణం నా చేతిలో ఉండింది. లోపల కూర్చున్నది ఎవరో వాడికి తెలియదు. హెల్మెట్‌లో ముఖం కనిపించలేదు. తెల్లవారుజామున ఫోన్ చూసి, రెండు నిమిషాలు టైర్ల వెనక కూర్చుని, ఇన్నాలిల్లాహి చదువుకుని, మళ్లీ వచ్చి మిగిలిన బోల్టులు బిగించాడట. వదిలేసి పోతే ఇంకొకరు చూడరేమోనని.

అబ్బా కూడా అంతే. ముత్యంపేట దారిలో లారీ ఆపి, టార్చి వేసుకుని, చక్రాల నట్లు చేత్తో తడిమి చూసేవాడు. పక్కన కూర్చున్న నేను పుస్తకం పట్టుకుని విసుక్కునేవాణ్ని.

2024 ఫిబ్రవరిలో జరగాల్సిన హైదరాబాద్ రేసు రద్దయింది. దాని మీద కూడా ఒక వార్త రాశాను. ఈసారి తమాషా అనే మాట వాడలేదు.

మొన్న ఛోటే చుట్టీ మీద ఊరికి వచ్చాడు. ముసలి సీలింగ్ ఫ్యాను గరగరమంటోందని అమ్మీ చెబితే స్టూలెక్కి విప్పి, శుభ్రం చేసి, బిగించాడు. రాత్రి పడుకున్నాక అమ్మీ పైకి చూస్తూ అడిగింది, ఫ్యాను రాడ్డు దగ్గర ఆ పసుపు గీత ఏమిటిరా అని.

“అది ఛోటే దస్తఖత్ అమ్మీ” అన్నాను.